నాలుగు గొట్టాలలో ఒకే మట్టం

మోటారు సైకిలు ఇంజనులో ఉండే కార్బురేటర్లను ఒకదానికొకటి సమానం చేసే పనిని గూర్చి ఈసారి వ్రాయబోతున్నాము. మేమిద్దరం బావా బావమరుదులం, కోనసీమ వాళ్లం. మాలో పెద్దవానికి చిన్నవాని అక్కను ఇచ్చారు. ఇద్దరం ఒకే చోట పని నేర్చుకొని, ఒకే షాపులో జీతం చేసి, ఇప్పుడు ఒకే రేకుల షెడ్డు క్రింద కూర్చున్నాము. సంఘములో ఎవరైనా "కువైటులో ఏం పని చేశారయ్యా?" అని అడిగితే, "నాలుగు కార్బురేటర్లను మట్టం చేశాము" అంటాము. వాళ్లు తల ఊపి ఊరుకుంటారు. అర్థం కాలేదని వాళ్ల ముఖం చూస్తేనే తెలుస్తుంది. ఈసారి అర్థమయ్యేలా చెప్పాలని మా ఆశ.

ఎడ్లతో దుక్కి దున్నిన పెద్దలకు ఇది సులువుగానే తెలుస్తుంది. కాడికి కట్టిన రెండు ఎడ్లూ ప్రక్కప్రక్కనే నడుస్తాయి. గట్టు మీద నిలబడి చూచేవానికి రెండూ ఒక్కలాగే లాగుతున్నట్టు ఉంటుంది. మేడి పట్టుకొన్నవాని చేతికి మాత్రం ఏది లాగుతున్నదో, ఏది ఊరకే నడుస్తున్నదో తెలుస్తుంది. ఒకటి బలహీనమైనదైతే తెలిసిన రైతు దానిని కొట్టడు. కాడిని కట్టిన తాడును బలమైన ఎద్దు వైపుకు నాలుగు వేళ్ల మేర జరుపుతాడు. బరువు ఎక్కువ పాలు దాని మీదికి పోతుంది, రెండవది తేరుకుంటుంది. ఎవరి మీద ఎంత బరువు పడుతున్నదో చేతికి తెలియాలి, అదే పనితనం.

మన ఊళ్లలో తిరిగే స్ప్లెండరుకు, బుల్లెట్టుకు, టి.వి.ఎస్. మోపెడుకు ఒకటే సిలిండరు. పాత బండ్లకు ఒకటే కార్బురేటరు. ఒంటెద్దు బండి లాంటివి గనుక వాటికి జత కుదర్చవలసిన పని లేదు. 1969లో హోండా కంపెనీవారు సి.బి. 750 అనే బండిని తెచ్చారు. దానికి వరుసగా నాలుగు సిలిండర్లు, నాలుగు కార్బురేటర్లు. మొదట వచ్చిన బండ్లలో ఎక్సిలేటరు త్రిప్పితే నాలుగు తీగలు నాలుగు కార్బురేటర్లను విడివిడిగా లాగేవి. నాలుగు తీగలు ఒక్కలాగ సాగవు కదా! తరువాత నాలుగింటినీ ఒకే ఇరుసుకు కలిపారు. కవాసాకి, యమహా, సుజుకి కంపెనీలవారు కూడా నాలుగేసి కార్బురేటర్ల బండ్లు చేశారు. మన దేశంలో 1983 నుండి కొన్నాళ్లు వచ్చిన రాజ్‌దూత్ 350కి రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. ఆ బండి మోత విన్న పెద్దలు ఇప్పటికీ తలచుకుంటారు.

కార్బురేటరు ఏం చేస్తుందో డెల్టా వాళ్లకు చెప్పడం తేలిక. ఒక కాలువ ప్రక్కన నాలుగు పొలాలు, నాలుగు తూములు ఉన్నాయనుకోండి. నాలుగు తూముల తలుపులనూ ఒకే ఇనుప కడ్డీకి కట్టి, ఒక మనిషి ఒక్క పట్టున ఎత్తుతాడు. కార్బురేటరులో నీటికి బదులు గాలి పోతుంది. పిస్టను క్రిందికి దిగేటప్పుడు పంపులాగ గాలిని పీలుస్తుంది. పోయే గాలి దారిలో ఉన్న పెట్రోలును తుంపరగా వెంట తీసుకొని పోతుంది. ఎక్సిలేటరు త్రిప్పడమంటే ఆ తలుపు ఎత్తడమే.

ఇప్పుడు ఒక తూము తలుపు మిగతావాటి కంటె వెంట్రుకవాసి పైకి ఉన్నదనుకోండి. తలుపులన్నీ జానెడు ఎత్తినప్పుడు ఆ వెంట్రుకవాసి లెక్కలోకి రాదు. అన్ని పొలాలకూ నీరు ధారాళంగా పోతుంది. కాని తలుపులు రెండు వెంట్రుకల మందమే తెరిచి ఉన్నప్పుడు, ఒకదాని క్రింద మూడు వెంట్రుకల సందు ఉంటే, ఆ పొలానికి సగం నీరు ఎక్కువ పోయినట్టే. అందుకే ఈ తేడా బండి వేగంగా పోయేటప్పుడు తెలియదు. కూడలి దగ్గర ఆగి, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు బయటపడుతుంది. హ్యాండిలు వణుకుతుంది, క్లచ్చు దగ్గర గలగలమని చప్పుడు వస్తుంది, బండి కదిలేటప్పుడు కుదుపు ఇస్తుంది. ఒక సిలిండరు లాగుతుంటే మిగతావి దాని వెంట ఈడ్వబడుతుంటాయి. మనుష్యుల సంగతి కూడా ఇంతేనని మాలో పెద్దవాడు అంటాడు. గొప్ప పనిలో పడి పరుగెత్తుతున్నప్పుడు ఎవరికీ ఎవరి మీదా ఫిర్యాదు ఉండదట, తీరికగా కూర్చున్నప్పుడే చప్పుళ్లు మొదలవుతాయట.

పూర్వం మెకానికులు ఈ తేడాను చెవితో పట్టేవారు. రబ్బరు గొట్టం ఒక కొన చెవిలో, రెండవ కొన కార్బురేటరు నోటి దగ్గర పెట్టి, గాలి పోయే బుస వినేవారు. మేమూ అలాగే నేర్చుకొన్నాము. రెండు కార్బురేటర్ల బండికి అది చాలు. నాలుగైతే కష్టం. నాలుగవదాన్ని వినే వేళకు మొదటిదాని బుస ఎంతో గుర్తుండదు. ఉదయం విన్న చెవి సాయంత్రం వినదు. కనుక కొలిచే పరికరం కావలసి వచ్చింది.

కొబ్బరి బోండాంలో స్ట్రా పెట్టి త్రాగేటప్పుడు, స్ట్రా కొనను వేలితో కొంచెం మూసి పీల్చి చూడండి. బుగ్గలు లోపలికి పోతాయి. ఎంత ఎక్కువ మూస్తే అంత లోపలికి పోతాయి. ఇంజనులోనూ అదే జరుగుతుంది. తలుపు ఎంత మూసి ఉంటే, దాని వెనుక పీల్పు అంత బలంగా ఉంటుంది. ఆ పీల్పును కొలిచేదే వాక్యూం గేజీ. కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు. ఎక్కువ అంకె చూపిన సిలిండరు ఎక్కువ పని చేస్తున్నది అనుకుంటారు. సంగతి తలక్రిందులు. ఎక్కువ పీల్పు చూపేది గాలి అందక ఆయాసపడుతున్న సిలిండరు. తక్కువ చూపేదే కడుపు నిండా మేస్తున్నది.

గేజీలు రెండు రకాలు. మొదటిది పాదరసం గొట్టాలది. 1643లో ఇటలీ దేశంలో టోరిచెల్లి అనే శాస్త్రజ్ఞుని ప్రయోగంలో, పాదరసం నింపిన గాజు గొట్టాన్ని పాదరసపు గిన్నెలో బోర్లిస్తే, పాదరసం సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలబడింది. మన చుట్టూ ఉన్న గాలి బరువే దానిని అంత ఎత్తున మోస్తున్నది. ఇంజను పీల్పును కూడా అలాగే కొలుస్తారు. నెమ్మదిగా తిరిగే మంచి ఇంజను పాదరసాన్ని సుమారు 20 సెంటీమీటర్ల వరకు లాగుతుంది, బండిని బట్టి కొంచెం ఇటూ అటూ. నాలుగు గొట్టాలకూ అడుగున ఒకే సీసా నుండి పాదరసం వస్తుంది. అందుచేత గొట్టాల మధ్య తగవు రాదు, అన్నిటికీ ఒకే భూమి, ఒకే గాలి, ఒకే రసం. రెండవ రకం గడియారంలాగ ముల్లు ఉండేది. 1849లో ఫ్రాన్సు దేశస్థుడైన బూర్డాన్ దానికి హక్కు పత్రం పొందాడు. పిల్లలు ఊదితే విచ్చుకొనే కాగితపు బూర చూచారు కదా, లోపల అలాంటి వంపు తిరిగిన చిన్న ఇత్తడి గొట్టం ఉంటుంది. గాలి పీల్చితే ముడుచుకుంటుంది, దానితోపాటు ముల్లు కదులుతుంది. మోసుకొని పోవడానికి ఇది తేలిక. అయితే ఒక్కసారి క్రింద పడిందంటే దాని మాట నమ్మరాదు.

మేము 1997లో కువైటు వెళ్లాము. ఏజెంటుకు ఒక్కొక్కరికి అరవై వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీ. జీతం 90 దినార్లు, ఓవర్‌టైము వేరు. మోటారు సైకిళ్లు బాగుచేసే షాపు. అక్కడివారు ఎండలు తగ్గాక, నవంబరు నుండి మార్చి వరకు సరదాగా బండ్లు నడుపుతారు. ఆ నెలల్లో మాకు ఊపిరి సలపదు. శుక్రవారం ఆరాధనకు వెళ్లడానికి మాత్రం ఎలాగో వీలు చేసుకొనేవాళ్లం.

కార్బురేటర్లు మట్టం చేసే ముందు చేయవలసిన పనులు వేరే ఉన్నాయి. వాటిని విడిచిపెట్టి గేజీ పెడితే దండుగ. టాపెట్లు సరిగా ఉండాలి. ప్లగ్గులు, నిప్పు పడే వేళ సరిగా ఉండాలి. గాలి ఫిల్టరు శుభ్రంగా ఉండాలి. కార్బురేటరుకు, ఇంజనుకు నడుమ ఉండే రబ్బరు పగిలితే దొంగ గాలి లోపలికి పోతుంది. ఆ ఎడారి ఎండకు రబ్బరు త్వరగా పెళుసెక్కేది. ఇవేవీ చూడకుండా స్క్రూలు త్రిప్పి ముళ్లు సమానం చేస్తే, పుండు మీద మంచి చొక్కా తొడిగినట్టే.

తరువాత పెట్రోలు టాంకు తీసివేస్తాము. అది ఉంటే స్క్రూలు అందవు. చిన్న సీసాలో పెట్రోలు పోసి, ఆసుపత్రిలో సెలైన్ సీసాలాగ పైన వ్రేలాడదీసి, గొట్టం ద్వారా అందిస్తాము. ఇంజనును బాగా వేడెక్కనిస్తాము. నిలిచి ఉన్న బండికి గాలి తగలదు గనుక ఎదుట పెద్ద ఫాను పెట్టాలి. తలుపులన్నీ తెరిచి ఉండాలి. మూసిన గదిలో ఇంజను నడిపితే వచ్చే పొగలోని విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు, మనిషి నిద్రలోకి జారినట్టు జారి తిరిగి లేవడు. ఇంట్లో జనరేటరు ఉన్న కుటుంబాలు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

నాలుగు సిలిండర్ల దగ్గర నాలుగు చిన్న గొట్టాలు తగిలిస్తే, నాలుగు మట్టాలూ పైకి లేస్తాయి. హోండావారి చాలా బండ్లలో నాలుగింటిలో ఒక కార్బురేటరుకు సర్దే స్క్రూ ఉండదు. అది కదలదు. మిగతా మూడూ దానికి సమానంగా రావాలి. కవాసాకి, యమహా బండ్లు కొన్నింటిలో పద్ధతి వేరు. ముందు ఎడమ జతను సరిచేసి, తరువాత కుడి జతను సరిచేసి, ఆఖరున నడిమి స్క్రూతో రెండు జతలనూ కలుపుతాము. పెద్దవాని భార్య ఈ సంగతి విన్నప్పుడు, "రెండు కొంపల సంగతీ అంతే కదా, ముందు ఎవరింట్లో వాళ్లు సర్దుకొని రావాలి" అన్నది. ఆమె ఎప్పుడూ స్క్రూడ్రైవరు పట్టలేదు.

స్క్రూ త్రిప్పేది చాలా కొంచెం. గడియారం ముల్లు అయిదు నిమిషాలు జరిగినంత. త్రిప్పి, ఎక్సిలేటరు ఒకసారి లాగి వదిలి, మట్టం నిలకడయ్యే వరకు ఆగాలి. లాక్ నట్ బిగించేటప్పుడు మళ్లీ జరుగుతుంది. మళ్లీ చూడాలి. కంపెనీవారి పుస్తకాల్లో బండిని బట్టి 1 నుండి 4 సెంటీమీటర్లకు మించి తేడా ఉండరాదని వ్రాసి ఉంటుంది. ఆఖరి స్క్రూ కుదిరిన ఆ క్షణంలో చప్పుడు మారుతుంది. అంతవరకు నలుగురు నాలుగు మాటలు మాట్లాడుతున్న గదిలోకి ఎవరో పెద్దాయన వచ్చినట్టు ఉంటుంది. ఎన్నిసార్లు విన్నా మాకు ఆ మార్పు కొత్తగానే తోస్తుంది. మొత్తం పని ముప్పావు గంట పడుతుంది.

పని పూర్తయ్యాక లాక్ నట్ మీద పసుపు రంగు చుక్క పెట్టడం వాడుక. ఈ స్క్రూను కొలిచి బిగించాము, ఇక కదలించవద్దు అని దాని అర్థం. మా షాపులో తగవంతా ఆ చుక్క దగ్గరే వచ్చింది.

షాపులో పాదరసం గేజీ ఒకటి, ముళ్ల గేజీ ఒకటి ఉండేవి. ముళ్ల గేజీలో మూడవ ముల్లు 3 సెంటీమీటర్లు తక్కువ చూపిస్తున్నదని మేము చేరిన నెలలోనే కనిపెట్టాము. కనిపెట్టడం పెద్ద విద్య కాదు. నాలుగు గేజీలనూ ఒకదాని తరువాత ఒకటిగా ఒకే సిలిండరుకు తగిలించి చూస్తే చాలు. నాలుగూ ఒకే అంకె చూపాలి. అలా చూపనివాటితో పని చేస్తే ఏమవుతుంది? మూడవ ముల్లు తక్కువ చూపుతుంది గనుక, మూడవ తలుపు ఎక్కువ తెరిచి ఉన్నదనుకొని మెకానికు దానిని మూస్తాడు. నాలుగు ముళ్లూ ఒకే వరుసలో నిలబడతాయి. చూడడానికి ఎంతో చక్కగా ఉంటుంది. బండి మాత్రం వచ్చినప్పటి కంటె చెడిపోయి వెళ్తుంది. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో ఒకే సంచిలో పెద్ద రాయి ఒకటి, చిన్న రాయి ఒకటి పెట్టుకొనే వర్తకుని గూర్చిన ఆజ్ఞ ఉన్నది. చిన్నప్పుడు ఆదివారపు బడిలో అది కోమటి కొట్టు సంగతి అనుకొనేవాళ్లం.

మేము ఆ గేజీని పక్కన పెట్టి పాదరసంతోనే చేసేవాళ్లం. రెండవ చలికాలం వచ్చేసరికి బండ్లు పెరిగాయి. ఫోర్‌మన్ మమ్మల్ని పిలిచి, ఒక్కొక్క బండికి ముప్పావు గంట ఇవ్వలేనని, వణుకుతున్నదని కస్టమరు చెప్పిన బండికి తప్ప మిగతావాటికి గేజీ పెట్టవద్దని చెప్పాడు. చుక్క మాత్రం పెట్టాలి, బిల్లులో మాత్రం వ్రాయాలి. ఆ పనికి బిల్లు 12 దినార్లు. కస్టమరు ఇంట్లో గేజీ ఉండదు కదా అని నవ్వాడు. ఆ మాట నిజమే. ఈ పని కంటికి కనబడదు. టైరు మార్చితే కనబడుతుంది, ఆయిలు మార్చితే రంగు చూచుకోవచ్చు. స్క్రూ కదిలిందో లేదో పసుపు చుక్క తప్ప చెప్పేవాళ్లు లేరు.

ఆ రాత్రి గదిలో మిగతావాళ్లు నిద్రపోయాక మాట్లాడుకొన్నాము. "చుక్క కూడా సంతకమే" అన్నాడు పెద్దవాడు. "సంతకం మనది కాదు బావా, షాపుది" అన్నాడు చిన్నవాడు. "చెయ్యి మనది కదా." చిన్నవాడు అప్పు సంగతి ఎత్తాడు. పెద్దవాని దగ్గర దానికి జవాబు లేదు. పాస్‌పోర్టులు షాపువాళ్ల దగ్గర ఉన్నాయి. పంపించివేస్తే టిక్కెట్టు కూడా మన డబ్బే. మరునాడు ఊరికి ఫోను చేశాము. మా ఊళ్లో అప్పుడు ఒకరింట్లోనే ఫోను ఉండేది, పిలిపించి పది నిమిషాల తరువాత మళ్లీ చేయాలి. చిన్నవాని అక్క అంతా విని ఇలా అన్నది: "తమ్ముడూ, మీరిద్దరూ ఏది మంచిదనుకుంటే అది చేయండి. నెల వడ్డీ మాత్రం ఆగకూడదు. ఆ గుమ్మం ఎక్కి మాట పడేది నేను." అటు పెద్దవానితో మాట్లాడకుండానే ఫోను పెట్టేసింది.

ప్రార్థన చేసుకొన్నాము. ధైర్యం వచ్చిందని చెప్పలేము. తెల్లవారింది గనుక లేచి పనికి వెళ్లాము. మాకు వచ్చిన హిందీలో ఫోర్‌మన్‌తో, "పని చేస్తే వ్రాస్తాము, చేయకపోతే వ్రాయము, చుక్క పెట్టము" అని చెప్పాము. అతడు కోప్పడలేదు. సరే అన్నాడు. మరునాటికి మా పనిముట్ల పెట్టెలు టైర్ల విభాగానికి జరిగాయి. అక్కడ ఓవర్‌టైము లేదు. నెలకు ఒక్కొక్కరికి ఇరవై దినార్లు తగ్గింది. పదకొండు నెలలు టైర్లు విప్పి బిగించాము. మా ఎదురుగానే పసుపు చుక్కలు పెట్టుకొని బండ్లు వెళ్లిపోయేవి. మా వలన ఆ షాపు మారలేదు.

ఇంటి దగ్గర పిల్లల పాలు కేంద్రానికి పోశారు. రెండు గాజులు కుదువకు వెళ్లాయి. 1999 క్రిస్మసు నాటికి తీరవలసిన అప్పు 2001 ఈస్టరుకు తీరింది. వడ్డీ ఒక్క నెల కూడా ఆగలేదు, అయితే పెద్దవాని భార్య ఆ గుమ్మం దగ్గర పడిన మాటలు మాతో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఆ పదకొండు నెలల తరువాత ఫోర్‌మన్ మారాడు. వచ్చినతడు గేజీలు స్వయంగా చూచేవాడు. మా పేర్లు ఎవరో చెబితే మళ్లీ ఇంజనుల దగ్గరకు పిలిచాడు. ముళ్ల గేజీని మొదటి రోజునే చెత్తలో వేయించాడు. సాక్ష్యపు కూడికలో చెప్పదగినంత ముగింపు ఇందులో లేదని కొందరు అంటారు. జరిగింది జరిగినట్టే చెబుతున్నాము.

పాదరసాన్ని గూర్చి ఒక మాట తప్పక చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో పిల్లలున్న కుటుంబాలు ఈ పత్రిక చదువుతారు. గొట్టాలు తగిలించి ఉండగా ఎవరైనా ఎక్సిలేటరు గట్టిగా లాగి వదిలితే, ఇంజను ఆ పాదరసాన్ని లోపలికి త్రాగేస్తుంది. అక్కడి వేడికి ఆవిరై సైలెన్సరు నుండి బయటికి వస్తుంది. అది విషం. వాసన ఉండదు. నరాలను, మూత్రపిండాలను పట్టుకుంటుంది. గది వేడికి కూడా నేల మీద పడిన పాదరసం కొంచెం కొంచెం ఆవిరవుతూనే ఉంటుంది. పగిలిన థర్మామీటరులోని గుండ్లను అరచేతిలో పెట్టుకొని పిల్లలు ఆడడం మనం చూచాము. ఆడనివ్వకండి. చీపురుతో ఊడ్చితే ఒక గుండు వంద గుండ్లవుతుంది. కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపి, గట్టి కాగితంతో ఒకచోటికి చేర్చి, మూత బిగిసే సీసాలో పెట్టాలి. బంగారానికి తగిలితే దానిని తెల్లబరుస్తుంది, మేము పెళ్లి ఉంగరాలు తీసి జేబులో వేసుకొని పని చేసేవాళ్లం. అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో ప్రపంచ దేశాలు మినమాటా ఒప్పందం చేసుకొన్నాయి. ఆ పేరు జపానులోని ఒక ఊరిది. ఫ్యాక్టరీ నుండి సముద్రంలోకి వచ్చిన పాదరసం చేపలలో చేరి, ఆ చేపలు తిన్న జాలరి కుటుంబాలను నాశనం చేసింది.

2005లో ఇంటికి వచ్చేటప్పుడు మేము పాదరసం గేజీ తెచ్చుకోలేదు. ఇక్కడ మాకు దాని అవసరమూ తక్కువే. స్ప్లెండర్లు, మోపెడ్లు మా అన్నం. 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో కార్బురేటరే దాదాపు పోయింది, పెట్రోలును కంప్యూటరు లెక్క చూచి చిమ్ముతుంది. అయినా గాలి తలుపులు నాలుగు ఉన్న పెద్ద బండ్లలో వాటిని ఇప్పటికీ ఇదే విధంగా గేజీ పెట్టి సరిచేస్తారు. పాత రాజ్‌దూత్ 350లను ఇష్టంగా దాచుకొన్నవాళ్లు అప్పుడప్పుడు వస్తారు. అది రెండు స్ట్రోకుల ఇంజను, దానికి గేజీ అంతగా పనికిరాదు. రెండు తలుపులూ ఒకే క్షణంలో లేస్తున్నాయా అని వేళ్లతో తడిమి సరిచేస్తాము. నాలుగు కార్బురేటర్ల జపాను బండ్లు ఏడాదికి రెండో మూడో పట్నం నుండి వస్తాయి.

వాటి కోసం మేము చేసుకొన్న గేజీ ఖరీదు రెండు వందల రూపాయల లోపే. మేస్త్రీలు గోడల మట్టం చూచే సన్నని పారదర్శకపు గొట్టం ఉంటుంది కదా, అది నాలుగు మీటర్లు కొన్నాము. చెక్కకు నిలువుగా, అడుగున వంపు వచ్చేలా కొట్టి, సగం వరకు 2టి ఆయిలు పోశాము. ఒక కొన ఒక సిలిండరుకు, రెండవ కొన రెండవ సిలిండరుకు. పీల్పు ఎక్కువ ఉన్నవైపు ఆయిలు పైకి ప్రాకుతుంది. పాదరసం నీటి కంటె 13.6 రెట్లు బరువు. కనుక పాదరసం ఒక సెంటీమీటరు చూపే తేడాను ఆయిలు సుమారు 15 సెంటీమీటర్లుగా చూపుతుంది. అంటే కువైటులోని గేజీ కంటె ఇది సన్నగా కొలుస్తుంది! తేడా మరీ ఎక్కువై ఆయిలు ఇంజనులోకి పోయినా, కాసేపు తెల్లని పొగ వచ్చి ఊరుకుంటుంది. ఆయిలు ఎగిరెగిరి పడకుండా మందుల షాపులో కొన్న సెలైన్ గొట్టపు చక్రం క్లిప్పుతో కొంచెం నొక్కుతాము. ఒకేసారి రెండింటినే పోల్చగలము. నాలుగు ఉంటే కదలని దానితో ఒక్కొక్కదాన్ని పోలుస్తాము. ఆలస్యమవుతుంది, కాని రెండు కొనలూ ఒకే ఆయిలు మీద నిలబడతాయి గనుక అబద్ధమాడే ముల్లు లేదు. పని అయ్యాక పసుపు చుక్క మేమే పెడతాము. కస్టమరు అక్కడే నిలబడి ఉంటే ఆయిలు మట్టం చూపించి పెడతాము, లేకపోయినా పెడతాము.

గత సంవత్సరం మా సంఘపు ప్రార్థన మందిరానికి వరండా కట్టేటప్పుడు, మేస్త్రీ మా షెడ్డుకు వచ్చి గోడకున్న ఆ గొట్టం చూచి ఒక్క పూటకు ఇమ్మని అడిగాడు. పాస్టరుగారు కూడా పక్కనే ఉన్నారు. ఇవ్వలేదు. ఆయిలు పట్టిన గొట్టంలో నీరు సరిగా నిలవదు, బుడగలు పట్టుకొంటాయి, మట్టం తప్పుతుంది. కొత్త గొట్టానికి డబ్బులిచ్చి పంపించాము.